సెకండ్‌హ్యాండ్ మన్సీ గేర్‌బాక్స్ దొరికింది, కిట్ వేసేస్తే సరిపోతుందా?

షెవెల్68
నా 1968 షెవర్లే షెవెల్‌లో ఇప్పుడున్నది పవర్‌గ్లైడ్ ఆటోమేటిక్. దాన్ని దింపేసి నాలుగు గేర్ల మాన్యువల్ పెట్టాలని ఎప్పట్నుంచో కోరిక. మొత్తానికి ఒక మన్సీ (జనరల్ మోటార్స్ నాలుగు గేర్ల మాన్యువల్ బాక్స్) దొరికింది. అమ్మినాయన “ఇది ఎం21, క్లోజ్ రేషియో, నడుస్తున్న బండిలోంచే దింపాం, ఏమీ చెయ్యక్కర్లేదు” అన్నాడు. (క్లోజ్ రేషియో అంటే గేర్ల రేషియోలు దగ్గరదగ్గరగా ఉండటం.) తెచ్చి సైడ్ కవర్ విప్పితే అడుగున నల్లటి ముద్ద పేరుకుని ఉంది. కాస్త వేలితో తీసి వెలుతుర్లో పెడితే అందులో బంగారు రంగు పొడి మెరుస్తోంది. మాగ్నెట్‌కి అంటుకోవట్లేదు. ఇన్‌పుట్ షాఫ్ట్ కొస పట్టుకుని ఊపితే కొంచెం ఆడుతోంది, ఎంత ఆడితే ప్రమాదమో నాకు తెలీదు. చేత్తో తిప్పి చూస్తే గేర్లన్నీ పడుతున్నాయి.

బేరింగులు, సింక్రో రింగులు, సీళ్ళు, గాస్కెట్లు అన్నీ కలిపి వచ్చే రీబిల్డ్ కిట్ ఆర్డర్ పెట్టేద్దామనుకుంటున్నా. అది వేసేస్తే బాక్స్ బాగుపడినట్టేనా? ఇంజిన్లు విప్పిన అలవాటుంది గానీ గేర్‌బాక్స్ జోలికి ఎప్పుడూ పోలేదు.

నిశ్శబ్దం_కావాలి
“ఏమీ చెయ్యక్కర్లేదు” అన్నాడంటే ఆయన ఏమీ చెయ్యలేదని అర్థం.

గ్రీజుచేతులు
కిట్ ఆర్డర్ ఆపు. ముందు విప్పు, కడుగు, కొలువు. ఏం కొనాలన్నది ఆ తర్వాత ఆ బాక్సే చెబుతుంది.

బంగారు పొడి ఇత్తడి సింక్రో రింగులది. అవి అరగడానికే ఉన్నాయి, అన్నేళ్ళ బాక్సులో పొడి లేకపోతేనే ఆశ్చర్యపోవాలి. మాగ్నెట్‌కి అతుక్కునే ముక్కలు, రేకుల్లాంటివి దొరికితే మాత్రం గుండె రాయి చేసుకో. అవి గేర్ పళ్ళవో బేరింగులవో అయ్యుంటాయి.

ఇన్‌పుట్ షాఫ్ట్ కొస ఆడటం గురించి కంగారు వద్దు. బండిలో ఉన్నప్పుడు దాని ముక్కు ఇంజిన్ క్రాంక్‌షాఫ్ట్ చివరున్న పైలట్ బుష్‌లో కూర్చుంటుంది. బయట బల్ల మీద ఉన్నప్పుడు దాన్ని మోసేది ఒక్క బాల్ బేరింగే, కాబట్టి కొస కొంచెం ఆడుతుంది. ఆడటం కాదు, మెల్లిగా తిప్పుతూ చేతికి ఏం తెలుస్తుందో చూడు. ఇసుక పడ్డట్టు గరగరమంటే బేరింగ్ పోయినట్టు.

ఇక కిట్. అందులో వచ్చేవన్నీ ఎలాగూ మార్చే భాగాలు. గేర్లు రావు, హబ్బులు, వాటి మీద జరిగే స్లీవులు రావు, కేస్ అసలే రాదు. బాక్స్ బతుకు తేలేది వాటి దగ్గర. కిట్ తెచ్చి పక్కన పెట్టుకున్నాక కేస్ పోయిందని తెలిస్తే ఆ కిట్ దేనికి?

రెండోగేర్
ఇంత భయపెట్టాలా కొత్తవాణ్ణి? కిట్ వేసుకుని హాయిగా తిరుగుతున్నవాళ్ళు బోలెడుమంది. నాదీ అంతే. గేర్లు ముట్టుకోలేదు, రింగులూ బేరింగులూ మార్చాను, వెన్నలా పడుతోంది.

గ్రీజుచేతులు
@రెండోగేర్ మీది ఏ బాక్స్?

రెండోగేర్
ఫోర్డ్ టాప్‌లోడర్.

గ్రీజుచేతులు
అదీ సంగతి. టాప్‌లోడర్ కేస్ పోత ఇనుము. మన్సీ కేస్ అల్యూమినియం. రెంటికీ ఒకే మందు పనిచెయ్యదు.

లేత్_మామ
గ్రీజుచేతులు అన్నమాటకి కొంచెం వివరం.

మన్సీలో కింద కౌంటర్ గేర్ ఉంటుంది కదా, అది ఒక ఉక్కు పిన్ను మీద తిరుగుతుంది. ఆ పిన్ను రెండు కొసలూ కేస్‌కి కోసిన రంధ్రాల్లో బిగుతుగా కూర్చోవాలి. గేర్ పళ్ళు హెలికల్, అంటే వాలుగా కోసినవి. లోడ్ పడ్డప్పుడల్లా కౌంటర్ గేర్‌ని ఒకపక్కకి, పైగా మెయిన్ షాఫ్ట్ నుంచి దూరంగా నెడతాయి. ఉక్కు పిన్ను, మెత్తని అల్యూమినియం. ఏళ్ళ తరబడి నెట్టగా నెట్టగా ముందువైపు రంధ్రం కోలగా సాగిపోతుంది. పిన్ను వదులైతే ఆయిల్ అక్కణ్ణుంచి కారి బెల్‌హౌసింగ్ (క్లచ్‌ని కప్పి ఇంజిన్‌కీ బాక్స్‌కీ మధ్యుండే డొప్ప) లోకి, క్లచ్ మీదికి వస్తుంది. జనం సీల్ పోయిందనుకుని సీళ్ళు మార్చుకుంటూ పోతారు.

విప్పాక పిన్నుని ఆ రంధ్రంలో పెట్టి చేత్తో ఊపి చూడు. సుత్తితో మెల్లిగా కొడితే వెళ్ళాలి. చేత్తో దూరిపోయి టకటకమంటే కేస్ మిషన్ షాపుకి వెళ్ళాల్సిందే.

పాతసామాను
అది ఎం21 అని ఎలా నమ్మావు? నంబర్లు ఏమన్నా చూశావా?

షెవెల్68
కేస్ కుడిపక్క 3925660 అని పోత నంబర్ ఉంది. సీరియల్ పీ8తో మొదలవుతోంది. ఇన్‌పుట్ షాఫ్ట్‌కి 10 స్ప్లైన్లు (షాఫ్ట్ పొడవునా కోసిన పళ్ళు), దాని చుట్టూ రెండు గీతలున్నాయి. ఎం21 అన్నది ఆయన మాట.

పాతసామాను
పీ అంటే మన్సీ ప్లాంట్, 8 అంటే 1968. కేస్ నంబర్ కూడా ఆ కాలానిదే, నీ బండి ఏడాదికి సరిపోయింది. తర్వాతి బాక్సులకి సీరియల్ చివర ఏ, బీ, సీ అని రేషియో అక్షరం కొట్టారు. ఏ అయితే ఎం20, బీ అయితే ఎం21, సీ అయితే ఎం22. 68 దానికి ఆ సదుపాయం లేదు.

గీతల లెక్కలో రెండు గీతలు ఎం20వి, ఒకటైతే ఎం21, ఏమీ లేకపోతే ఎం22. కానీ గీతలు షాఫ్ట్ మీదున్నాయి, షాఫ్ట్ ఎవడైనా మార్చి ఉండొచ్చు. పళ్ళు లెక్కపెట్టు. 1966 నుంచి వచ్చిన వాటిలో ఇన్‌పుట్‌కి 21 పళ్ళు, దానికి తగిలే కౌంటర్ గేర్‌కి 25 ఉంటే ఎం20, ఫస్ట్ గేర్ 2.52. ఇన్‌పుట్‌కి 26, కౌంటర్‌కి 27 ఉంటే ఎం21 లేదా ఎం22, ఫస్ట్ 2.20.

విప్పకుండా చూడాలంటే ఫస్ట్ గేర్ వేసి అవుట్‌పుట్ మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టు. అది ఒక చుట్టు తిరిగేలోపు ఇన్‌పుట్ రెండున్నర చుట్లు తిరిగిందంటే ఎం20. రెండు చుట్లు దాటి కొంచెం అయితే ఎం21 లేదా ఎం22.

షెవెల్68
ఇప్పుడే తిప్పి చూశాను. రెండున్నర. అంటే ఎం20. మోసపోయానన్నమాట.

టోర్క్‌రాణి
మోసం కాదు, అదృష్టం. నీ వెనక యాక్సిల్ రేషియో ఎంత?

షెవెల్68
3.31

టోర్క్‌రాణి
2.52ని 3.31తో గుణిస్తే 8.3 వస్తుంది. ఎం21 అయితే 2.20 చొప్పున 7.3. ఆ లెక్కన ట్రాఫిక్‌లో ఆగిన ప్రతిసారీ క్లచ్ కాల్చుకుంటూ కదలాలి. క్లోజ్ రేషియో బాక్సులు 3.73, 4.10 లాంటి ఎక్కువ రేషియో యాక్సిళ్ళకి, రేసు ట్రాక్‌కి. మామూలుగా రోడ్డు మీద తిరిగే బండికి ఎం20యే సుఖం. పేరు వినడానికి ఎం21 గొప్పగా ఉంటుంది, అంతే.

నిశ్శబ్దం_కావాలి
ఎం22 అయితే ఇంకా గొప్పగా “వినబడుతుంది”.

పాతసామాను
నిజం. ఎం22 పళ్ళ వాలు తక్కువ, కాబట్టి షాఫ్ట్ పొడవునా నెట్టే తోపు తగ్గి బలం పెరిగింది, బదులుగా ఊళ. అందుకే దాన్ని రాక్ క్రషర్ అన్నారు. కోణం తేడా కాబట్టి ఎం22 గేర్ తెచ్చి ఎం20లో కలపడం కుదరదని కూడా గుర్తుపెట్టుకో. విడిభాగాలు అమ్మేవాళ్ళందరూ ఇది చెప్పరు.

సందేహాల_సాంబ
మధ్యలో ఒక చిన్న సందేహం, నవ్వకండి. సింక్రో రింగ్ అసలు ఏం చేస్తుంది? బండి నడుపుతా గానీ లోపల ఏం జరుగుతుందో ఎప్పుడూ అర్థం కాలేదు.

గ్రీజుచేతులు
నవ్వేదేముంది, గేర్‌బాక్సులు విప్పేవాళ్ళలోనే సగంమందికి ఇది సరిగ్గా తెలీదు.

మన్సీ లాంటి బాక్సులో ముందుకెళ్ళే గేర్లన్నీ ఎప్పుడూ ఒకదాన్నొకటి పట్టుకునే తిరుగుతుంటాయి. నువ్వు గేర్ వేసినప్పుడు గేర్లు కదలవు, మెయిన్ షాఫ్ట్ మీదున్న స్లీవ్ జరిగి గేర్ పక్కనున్న చిన్న పళ్ళని పట్టుకుంటుంది. ఆ చిన్నవాటిని డాగ్ పళ్ళంటారు. స్లీవ్ వేగం వేరు, గేర్ వేగం వేరు. నేరుగా కలిపితే గర్రుమంటాయి.

అందుకని మధ్యలో ఇత్తడి రింగ్. స్లీవ్ జరగడం మొదలెట్టగానే లోపలున్న మూడు చిన్న కీలు రింగ్‌ని గేర్ మీది శంకువు మీదికి నెడతాయి. రింగ్ లోపల దారాల్లాంటి సన్నటి గాట్లుంటాయి. అవి ఆయిల్ పొరని కోసేసి, రింగ్ ఉక్కు శంకువుని గట్టిగా కరిచేలా చేస్తాయి. ఆ రాపిడికి రింగ్ కొంచెం పక్కకి తిరిగి, దాని పళ్ళు స్లీవ్‌కి అడ్డం నిలబడతాయి. రెండు వేగాలూ ఒకటయ్యేదాకా స్లీవ్‌ని పోనివ్వవు. వేగం కలవగానే రాపిడి పోతుంది, రింగ్ పక్కకి తప్పుకుంటుంది, గేర్ పడుతుంది. ఇదంతా నువ్వు లివర్ లాగే ఆ కాస్త టైములోనే.

లోపలి గాట్లు అరిగి నున్నబడితే ఆయిల్ పొర తెగదు, రింగ్ జారుతుంది, అడ్డం నిలబడదు. సెకండ్ వేస్తుంటే గర్ర్ మన్నదంటే అదే.

సందేహాల_సాంబ
నా జీవితంలో ఎవరూ ఇంత ఓపిగ్గా చెప్పలేదు. అంటే క్లచ్ పూర్తిగా తొక్కకుండా గేర్ వేస్తే ఆ రింగ్ మీదే భారం పడుతుందా?

గ్రీజుచేతులు
అంతే. అప్పుడది ఒక్క గేర్‌ని కాదు, ఇంజిన్‌ని కూడా ఆపాలని చూస్తుంది.

షెవెల్68
విప్పేశాను. పెద్ద గందరగోళం ఏమీ జరగలేదు గానీ ముందు బేరింగ్ నట్టు అస్సలు రావట్లేదు. పొడుగు పైపు తగిలించి లాగినా కదలట్లేదు.

గ్రీజుచేతులు
ఆపు! అది ఎడమ మర. సవ్యదిశలో తిప్పితేనే ఊడుతుంది. ఇంకా లాగితే దారాలు పోతాయి.

నిశ్శబ్దం_కావాలి
ఈ వేదికలో ఎవరైనా మన్సీ విప్పిన ప్రతిసారీ ఈ పోస్టు వస్తుంది. పైన పిన్ చేసి పెట్టండయ్యా.

షెవెల్68
వచ్చేసింది, థాంక్స్. కౌంటర్ గేర్ దింపేటప్పుడు లోపల్నుంచి సూదుల్లాంటి రోలర్లు జలజలా రాలాయి. 112 ఉన్నాయి. సరైనదేనా?

లేత్_మామ
సరైనదే. 1966 నుంచి పిన్ను ఒక అంగుళం, దానికి 112. అంతకుముందు 7/8 అంగుళం పిన్నుకి 80. ఎన్ని ఉన్నా పాతవి మళ్ళీ వెయ్యకు, కిట్‌లో కొత్తవి వస్తాయి. ఒక్కటి తక్కువ పడినా వరసంతా వంకర పోతుంది.

బిగించేటప్పుడు పనికొచ్చే చిట్కా: పిన్నుకన్నా ఇసుమంత సన్నగా, కౌంటర్ గేర్ పొడవుకి సరిగ్గా సరిపోయేలా ఒక చెక్కో పైపో కోసి డమ్మీ షాఫ్ట్ చేసుకో. గేర్ లోపల వాసలైన్ పూసి సూదుల్ని వరసగా అతికించి మధ్యలో డమ్మీ దూర్చు. మొత్తం కేస్‌లో దింపాక అసలు పిన్నుతో డమ్మీని అవతలికి నెట్టెయ్. మామూలు గ్రీజు వద్దు, అది గట్టిగా ఉండి రంధ్రాల్లో ఇరుక్కుంటుంది. వాసలైన్ ఆయిల్‌లో కరిగిపోతుంది.

గ్రీజుచేతులు
కడిగాక పాత బేరింగుల్ని కంప్రెసర్ గాలితో గిరగిరా తిప్పి ఆరబెట్టకు. సరదాగా ఉంటుంది, కానీ ఆయిల్ లేకుండా ఆ వేగంలో తిరిగితే బాల్స్ గీసుకుపోతాయి, పగిలి ఎగిరితే కంటికి తగులుతుంది.

ఇప్పుడు చూడాల్సినవి: రింగులు, డాగ్ పళ్ళు, గేర్ పళ్ళ ముఖాలు, శంకువులు, కేస్ రంధ్రం. ఫోటోల కన్నా నీ కళ్ళనే నమ్ముకో. ఏం కనబడిందో మాటల్లో రాయి.

షెవెల్68
రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

రింగుల్ని ఒక్కోటీ దాని గేర్ శంకువు మీద నొక్కి తిప్పి చూశాను. థర్డ్, ఫోర్త్ రింగులు కొంచెం పట్టుకుంటున్నాయి. సెకండ్‌ది అసలు పట్టట్లేదు, సబ్బు రాసినట్టు జారుతోంది. రింగ్‌కీ గేర్‌కీ మధ్య ఫీలర్ గేజ్ పెడితే సెకండ్ దగ్గర సన్న బ్లేడు కూడా దూరలేదు. దాని లోపలి గాట్లు గోటితో గీకినా తగలట్లేదు.

సెకండ్ గేర్ డాగ్ పళ్ళు ఒకవైపు మొనలు గుండ్రంగా అయిపోయాయి, అవతలి వైపు పదునుగానే ఉన్నాయి. స్లీవ్ లోపల కూడా ఆ వైపే నలిగింది. కౌంటర్ గేర్‌కి ఫస్ట్ తగిలే పళ్ళ మీద సూదితో పొడిచినట్టు చిన్న చుక్కలు. ఉక్కు పొర ఎక్కడా ఊడలేదు.

కేస్ ముందు రంధ్రంలో పిన్ను... లేత్_మామ అన్నట్టే టకటక.

లేత్_మామ
అనుకున్నా.

గ్రీజుచేతులు
మంచి రిపోర్టు. ఒక్కోటీ చూద్దాం.

రింగులు ఎలాగూ కొత్తవి. కొత్త రింగ్‌కి ఆ ఖాళీ సుమారు మిల్లీమీటరు ఉంటుంది, సగానికి దిగితే మార్చమని చాలా మాన్యువల్స్ చెబుతాయి. నీ సెకండ్ రింగ్‌కి ఖాళీయే లేదు, అంటే అది శంకువుని కరవడం మానేసి గేర్ ముఖానికి ఆనుకుంటోంది. శంకువు కూడా చూడు. నీలంగా కాలినా, గాడి పడినా కొత్త రింగ్ వేసి లాభం లేదు.

డాగ్ పళ్ళు ఒక్క వైపే గుండ్రపడ్డాయంటే ఎవరో చాలా కాలం గర్రుమంటున్నా లెక్కచెయ్యకుండా గేర్ మార్చారు. సెకండ్ గేర్, దాని స్లీవ్ మార్చాలి. గుండ్రపడ్డవాటితో బిగిస్తే గేర్ పడుతుంది, యాక్సిలరేటర్ వదలగానే జారి న్యూట్రల్‌లోకి వచ్చేస్తుంది.

కౌంటర్ గేర్ చుక్కలు పర్లేదు. పై పొర గట్టిపరిచింది, లోపల మెత్తన. చుక్కలు కలిసి పెచ్చు ఊడితేనే పారెయ్యాలి. రాయి పెట్టి రుద్ది నున్నగా చెయ్యాలని మాత్రం చూడకు, ఉన్న గట్టి పొర కాస్తా పోతుంది.

రెండోగేర్
కౌంటర్ గేర్ కూడా మార్చెయ్యడమే మంచిది కదా? ఎలాగూ విప్పాడు. మళ్ళీ విప్పే బాధ ఉండదు.

గ్రీజుచేతులు
@రెండోగేర్ మొన్నేమో కిట్ చాలన్నారు, ఇప్పుడు అన్నీ మార్చమంటున్నారు :) పాత కౌంటర్ గేర్‌తో కలిసి అరిగిన ఫస్ట్, థర్డ్ గేర్లు అలాగే ఉంచి కౌంటర్ ఒక్కటే కొత్తది పెడితే, కొత్త పన్నూ పాత పన్నూ రాజీపడేదాకా ఊళ వినాల్సి వస్తుంది. సెకండ్ విషయంలో ఎలాగూ తప్పదు. బాగున్నవాటిని కదపను నేను.

రెండోగేర్
సెకండ్‌కి ఆ ఊళ రాదా మరి?

గ్రీజుచేతులు
రావచ్చు. కొంత కాలానికి సర్దుకోవచ్చు, సర్దుకోకపోవచ్చు. జారిపోయే గేర్ కన్నా ఊళ వేసే గేర్ నయం.

పాతసామాను
కేస్ సంగతి తేల్చండి. నాకు తెలిసిన ఒకాయన పిన్ను చుట్టూ లోహాన్ని పట్టుకునే బంక పూసి దిగ్గొట్టాడు. కారడం ఆగింది.

లేత్_మామ
కారడం ఆగుతుంది, కోల రంధ్రం గుండ్రం అవుతుందా? పిన్ను వాలిపోయే ఉంటుంది, కౌంటర్ గేర్ వంకరగానే తిరుగుతుంది, పళ్ళు అంచుల మీద తగులుతాయి. బంక వేసేది ఆయిల్‌కి, జ్యామితికి కాదు.

సరైన పద్ధతి: కేస్‌ని మిల్లింగ్ మిషన్ మీద కట్టి, వెనక రంధ్రాన్నీ మెయిన్ బేరింగ్ రంధ్రాన్నీ ఆధారం చేసుకుని ముందు రంధ్రాన్ని పెద్దది చేసి బుష్ వేసి, దాన్ని పిన్ను సైజుకి కోయాలి. ముందు రంధ్రాన్నే ఆధారంగా పట్టుకుని కోసేవాడి దగ్గరికి పోకు, అది ఇప్పటికే కోలగా ఉంది, కేంద్రం ఎక్కడుందో దానికే తెలీదు. ఇవ్వకముందు “దేన్నుంచి కొలుస్తారు” అని ఒక్క ప్రశ్న అడుగు. జవాబు తడబడితే కేస్ వెనక్కి తెచ్చేసుకో.

షెవెల్68
కొత్త కేస్ కొనేస్తే?

పాతసామాను
కొత్తగా పోసిన కేసులు దొరుకుతాయి, కొన్ని బాగుంటాయి కూడా. కానీ నీ పీ8 నంబరు ఉన్న ఒరిజినల్ కేస్ నీ బండి ఏడాదిది. నేనైతే బుష్ వేయిస్తా.

నిశ్శబ్దం_కావాలి
పాతసామాను గారు పాత సామానే వాడమంటారు, ఇందులో వింతేముంది.

టోర్క్‌రాణి
ఆయిల్ మాట ఎవరూ ఎత్తట్లేదే. సెకండ్ రింగ్ అంతలా నున్నబడటానికి డ్రైవర్ ఒక్కడే కాదు, ఎవరో జీఎల్-5 (వెనక యాక్సిల్‌కి వాడే గేర్ ఆయిల్ గ్రేడ్) పోసి ఉంటారని నా అనుమానం. జీఎల్-4 80డబ్ల్యూ-90 వాడు.

రెండోగేర్
జీఎల్-5 ఇత్తడిని తినేస్తుందన్నది పాత పురాణం. ఇప్పటి ఆయిళ్ళలో అలాంటిదేమీ లేదు.

గ్రీజుచేతులు
ఇద్దరి మాటలోనూ సగం నిజముంది. జీఎల్-5లో అధిక ఒత్తిడికి వేసే గంధకం, భాస్వరం మందు జీఎల్-4తో పోలిస్తే ఇంచుమించు రెట్టింపు. వేడెక్కినప్పుడు చురుకైన గంధకం ఇత్తడి, కంచు లాంటి పసుపు లోహాల్ని నల్లబరుస్తుంది, తింటుంది. దాన్ని అణిచే మందు కలిపిన ఆయిళ్ళు ఇప్పుడున్నాయి, కాబట్టి డబ్బా డబ్బాకీ తేడా.

కానీ సింక్రోకి అసలు ఇబ్బంది తుప్పు కాదు, జారుడు. రింగ్ పని కరవడం. జీఎల్-5 తయారైంది వెనక యాక్సిల్‌లోని హైపాయిడ్ గేర్ల కోసం, అక్కడ పళ్ళు ఒకదాని మీద ఒకటి జారాలి. లిమిటెడ్ స్లిప్ యాక్సిళ్ళకి వేసే జారుడు మందు కూడా కలిపిన ఆయిలైతే ఇంకా దారుణం. ఒకదానికి మందు అయినది ఇంకోదానికి విషం.

టోర్క్‌రాణి
అన్ని బాక్సులకీ జీఎల్-4 అని కూడా అనుకోవద్దు. నా ఎంజీబీ (బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) గేర్‌బాక్స్‌కి హ్యాండ్‌బుక్ చెప్పేది 20డబ్ల్యూ-50 ఇంజిన్ ఆయిలే. ఓవర్‌డ్రైవ్‌కీ అదే నూనె. బోర్గ్‌వార్నర్ టీ5లో పోసేది ఆటోమేటిక్ బాక్స్ ఆయిల్. దాని వరల్డ్ క్లాస్ రకంలో రింగులకి లోపల పీచు పొర ఉంటుంది, చిక్కటి గేర్ ఆయిల్ పోస్తే చలిలో గేర్ పడదు. బాక్స్ తయారుచేసినవాడు ఏం రాశాడో అది చదవాలి, వేదికలో ఎవరో చెప్పారని పొయ్యకూడదు.

నిశ్శబ్దం_కావాలి
“వేదికలో ఎవరో చెప్పారని” అని వేదికలో ఒకరు చెప్పారు.

షెవెల్68
కేస్ మిషన్ షాపు నుంచి వచ్చింది. (వెనక రంధ్రం నుంచి కొలుస్తామన్నారు, అడక్కముందే చెప్పారు.) పిన్ను ఇప్పుడు సుత్తితో కొడితేనే వెళ్తోంది. సెకండ్ గేర్, స్లీవ్, హబ్ కూడా కొత్తవి వచ్చాయి. మెయిన్ షాఫ్ట్ బిగించడంలో జాగ్రత్తలు?

గ్రీజుచేతులు
హబ్ ఏ ముఖం ఏ వైపు అన్నది మాన్యువల్ బొమ్మలో చూసి పెట్టు. తిరగేసి పెట్టినా ప్రెస్‌లో దిగిపోతుంది, అదే ప్రమాదం. హబ్ బిగించేటప్పుడు కింద రింగ్ గాట్లు కీలకి ఎదురుగా ఉన్నాయో లేదో చేత్తో రింగ్ కదుపుతూ ప్రెస్ నొక్కు. గాటులో కాకుండా పక్కన పడితే కొత్త రింగ్ అక్కడికక్కడే విరుగుతుంది.

స్నాప్ రింగులు వేర్వేరు మందాల్లో వస్తాయి. గాడిలో పట్టే వాటిలో అన్నిటికన్నా మందమైనది వెయ్యి. కౌంటర్ గేర్‌కి రెండు పక్కలా ఉండే థ్రస్ట్ వాషర్ల నాలుకలు కేస్ గాడిలోనే కూర్చున్నాయా చూసుకో. చివర్న ఒక్కో గేర్ వేసి చేత్తో తిప్పు, న్యూట్రల్‌లో ఇన్‌పుట్ తేలిగ్గా తిరగాలి. రెండు గేర్లలో ఒకేసారి ఇరుక్కుంటే సైడ్ కవర్ లోపల ఇంటర్‌లాక్ (రెండు గేర్లు ఒకేసారి పడకుండా ఆపేది) చూడాలి.

లేత్_మామ
బాక్స్ ఎంత బాగా బిగించినా బెల్‌హౌసింగ్ వంకరుంటే అంతా బూడిదలో పోసినట్టే. క్రాంక్‌కి డయల్ గేజ్ కట్టి బెల్‌హౌసింగ్ మధ్య రంధ్రం చుట్టూ తిప్పు. 5 థౌ దాటకూడదు. మళ్ళీ ఎప్పుడూ కొలవవు, ఇప్పుడే కొలువు.

సందేహాల_సాంబ
థౌ అంటే?

లేత్_మామ
అంగుళంలో వెయ్యో వంతు.

షెవెల్68
కొలిచాను. 13 థౌ వచ్చింది! బెల్‌హౌసింగ్‌ని ఇంజిన్‌కి సరిగ్గా కూర్చోబెట్టే డోవెల్ పిన్నులు ఆఫ్‌సెట్‌వి (కేంద్రం పక్కకి జరిపినవి) దొరుకుతాయంట, 7, 14, 21 థౌ అని మూడు రకాలు. 14వి తెప్పించనా?

రెండోగేర్
అవును, 13కి దగ్గర 14.

లేత్_మామ
కాదు, కాదు. డయల్ చూపించేది మొత్తం తేడా, ఒక పక్క ఎక్కువ, ఇంకో పక్క తక్కువ. కేంద్రం జరిగింది అందులో సగమే, ఆరున్నర. 7 థౌ పిన్నులు వెయ్యి. 14వి వేస్తే అవతలి పక్కకి అంతే వంకర తెచ్చుకుంటావు. రెండు పిన్నుల గాట్లూ ఒకే దిక్కుకి ఉండాలి, తిప్పుతూ మళ్ళీ కొలవాలి.

రెండోగేర్
ఓహో. ఇది నాకూ కొత్తే. రేపు నా టాప్‌లోడర్ బెల్‌హౌసింగ్‌కీ గేజ్ కడతా. ఫోర్త్‌లో నిశ్శబ్దం, మిగతా మూడింటిలో సన్నగా ఊళ ఉంది, దానికి కారణం ఇదే అయ్యుంటుందా?

గ్రీజుచేతులు
“వెన్నలా పడుతోంది” అన్న బాక్సేనా అది?

రెండోగేర్
పడటం వెన్నలాగే పడుతోంది. ఊళ గురించి ఎవరూ అడగలేదు.

గ్రీజుచేతులు
ఫోర్త్‌లో ఇన్‌పుట్ నేరుగా మెయిన్ షాఫ్ట్‌కి తాళం పడుతుంది, కౌంటర్ గేర్ ఊరికే తిరుగుతుంది, దాని మీద భారం ఉండదు. మిగతా మూడింటిలో భారమంతా దాని మీదుగానే పోవాలి. కాబట్టి ముందు కౌంటర్ గేర్‌ని, దాని సూదుల్ని అనుమానించండి. న్యూట్రల్‌లో క్లచ్ వదిలితే కూడా వస్తోందా?

రెండోగేర్
వస్తోంది. తొక్కితే ఆగుతోంది.

గ్రీజుచేతులు
అయితే ఇన్‌పుట్ బేరింగ్ కూడా లైన్లో ఉంది. తొక్కినప్పుడు మాత్రమే వస్తే రిలీజ్ బేరింగో పైలట్ బుషో అనేవాణ్ణి. మీకు వేరే చర్చ మొదలుపెట్టుకోండి, ఇది ఆ అబ్బాయిది.

షెవెల్68
పర్లేదు, నాకూ పనికొస్తుంది. 7 థౌ పిన్నులతో ఇప్పుడు డయల్ 2 చూపిస్తోంది. క్రాంక్‌లో పైలట్ రంధ్రం పూర్తిగా కోసే ఉంది, బుష్ దిగింది. ఒక్క సందేహం మిగిలింది, పవర్‌గ్లైడ్ ప్రొపెల్లర్ షాఫ్ట్ యోక్ (బాక్స్ వెనక అవుట్‌పుట్ మీద ఎక్కే ముక్క) దీనికి పట్టుతుందా?

పాతసామాను
నీ బాక్స్ 68ది కాబట్టి అవుట్‌పుట్ 27 స్ప్లైన్లు, పవర్‌గ్లైడ్‌దీ అంతే, పట్టుతుంది. 1971 నుంచి వచ్చిన 32 స్ప్లైన్ల మన్సీ అయితే టర్బో 400 ఆటోమేటిక్ యోక్ వెతుక్కోవాల్సి వచ్చేది. షాఫ్ట్ పొడవు మాత్రం బండి చక్రాల మీద నిలబెట్టి కొలువు, జాకీ మీద వేలాడుతున్నప్పుడు కాదు. యోక్ పూర్తిగా లోపలికి దూరి అడుగు తాకకూడదు, కొంచెం వెనక్కి ఖాళీ ఉండాలి. ఎక్కించే ముందు యోక్ ఆయిల్ సీల్ తిరిగే చోట గాడి పడిందేమో వేలితో తడిమి చూడు, పడితే కొత్త సీల్ కూడా కారుతుంది.

షెవెల్68
చూశాను, సన్నగా గీత ఉంది, గోరు తగులుతోంది.

పాతసామాను
యోక్ మార్చు.